జీటీఎక్స్ 1650 మీద కౌంటర్ స్ట్రైక్ 2: యావరేజ్ కాదు, కింది నంబర్ చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. ప్రాజెక్టు రిపోర్టుల ప్రింట్ల కోసం వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు నా కంప్యూటర్ కేబినెట్ అద్దంలోంచి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు చూసి వెంటనే అడుగుతారు: "అన్నా, దీంట్లో సీఎస్ టూ ఎంత వచ్చిద్ది?" నేను ఒక నంబర్ చెప్పను, రెండు చెబుతాను. ఫుల్ హెచ్‌డీలో సెట్టింగ్స్ బాగా తగ్గించి ఆడితే సెకనుకి సగటున 120, 130 ఫ్రేములు (తెరమీద బొమ్మలు) వస్తాయి. స్మోక్ (పొగ గ్రెనేడ్) పడి, పక్కనే మాలీ (మంట పెట్టే మొలొటోవ్) అంటుకుని, నలుగురూ ఒకేసారి కాలుస్తుంటే 60, 65కి దిగుతాయి. ఆడబుద్ధవుతుందా లేదా అన్నది తేల్చేది ఆ రెండో నంబరే.

ముందు నా సిస్టమ్ సంగతి. ప్రాసెసర్ కోర్ ఐ3 10100ఎఫ్, 8 జీబీ ర్యామ్ రెండు, కార్డు 4 జీబీ జీడీడీఆర్5 మెమరీ ఉన్న రకం 1650. పగలంతా శుభలేఖలు, ఫ్లెక్సీలు. షట్టర్ దించాక ఆట. 1650 ఎంచుకోవడానికి కారణం కరెంటే. దాని వాడకం 75 వాట్లు. నాది విడిగా పవర్ కేబుల్ అక్కర్లేని మోడల్, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే కరెంటే దానికి చాలు. పాత ఎస్ఎంపీఎస్ (కేబినెట్‌లోని పవర్ సప్లై) మార్చలేదు. ఎండాకాలంలో కరెంటు పోతే, కస్టమర్ ఫైల్ సేవ్ చేసుకునేంతసేపు 600 వీఏ యూపీఎస్ ఆగుతుంది. పనికీ ఆటకీ ఒకటే సిస్టమ్ ఉన్నవాళ్లు ఇది ముందు చూసుకోవాలి.

ఈ కార్డు 2019 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు అందరూ ఆడేది పాత సీఎస్ గో. దానికి ఇది దర్జాగా సరిపోయేది. 2023 సెప్టెంబర్ 27న ఆ ఆట కంపెనీ వాల్వ్ దాని స్థానంలో సీఎస్ 2 దించింది. ఆటని నడిపే ఇంజిన్ సోర్స్ 2 అయింది, లైటింగ్ మారింది. అన్నిటికంటే స్మోక్ మారింది. ఇప్పుడది నిజంగా గది ఆకారాన్ని బట్టి నిండుతుంది, తలుపులోంచి పక్కకు పాకుతుంది, గ్రెనేడ్ వేస్తే చీలి మళ్లీ మూసుకుంటుంది. నాకు ఆటలో బాగా నచ్చిన మార్పు అదే. చిన్న కార్డుకి బరువూ అదే. స్మోక్ దూరంగా ఉంటే పర్వాలేదు. దాని అంచున నిలబడితే తెర నిండా పొగే, కార్డు ఆ పొగంతా లెక్కగట్టాలి.

130 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 8 మిల్లీసెకన్లు కూడా పట్టదు. 60కి పడితే దాదాపు 17. కంటికి పెద్ద తేడా అనిపించదు గానీ మౌస్ పట్టిన చేతికి తెలిసిపోతుంది, గురి బరువెక్కుతుంది. అది కూడా సరిగ్గా ఎదురుగా మనిషి ఉన్నప్పుడే. అందుకే యూట్యూబ్‌లో ఖాళీ మ్యాప్‌లో తిరుగుతూ చూపించే పెద్ద నంబర్లను నేను నమ్మను. ఆట నడిచే స్టీమ్ యాప్‌లోని వర్క్‌షాప్‌లో వేగం కొలిచే బెంచ్‌మార్క్ మ్యాప్ ఉంటుంది, స్మోకులూ మాలీలూ తనే వేసి చూపిస్తుంది. అయిపోయాక ఆటలోని కన్సోల్ (కమాండ్లు కొట్టే పెట్టె)లో యావరేజ్, పీ1 అని రెండు వస్తాయి. పీ1 అంటే మరీ నెమ్మదించిన ఒక శాతం ఫ్రేముల దగ్గరి వేగం. నేను చూడమంటున్నది దాన్నే.

మా మేనల్లుడిదీ 1650యే, కొరిటెపాడులో వాళ్లింట్లో ఉంది. వాడికి యావరేజ్ నాకంటే కొంచెమే తక్కువ, పీ1 మాత్రం 40 దగ్గర ఊగేది.

"మావయ్యా, కార్డు పోయినట్టుంది. అమ్మేసి వేరేది కొందామా?"

"ఆగరా, ముందు రిజల్యూషన్ తగ్గించి చూడు."

1280×960కి తగ్గించాడు. యావరేజ్ పెరిగింది, కింది నంబర్ మాత్రం ఉన్నచోటే ఉంది. అంటే ఆ అడుగున ఆపుతున్నది కార్డు కాదు. తెరమీద గీయాల్సిన పని తగ్గినా కుదుపు పోకపోతే ప్రాసెసర్‌నో ర్యామ్‌నో అనుమానించాలి. కేబినెట్ తెరిస్తే ఉన్నది ఒకే 8 జీబీ స్టిక్. ప్రాసెసర్‌కి మెమరీ నుంచి రెండు దారులుంటే ఒకటి ఖాళీ. ఇరుకు బ్రిడ్జి దగ్గర బండ్లన్నీ ఒకే వరసలోకి దూరినట్టు డేటా అంతా ఒక్క దారినే రావాలి. పైగా వెనకాల బ్రౌజరూ డిస్కార్డూ తెరిచి ఉంటే 8 జీబీ ఏ మూలకి? రెండో స్టిక్ కొన్నాం, బోర్డు మాన్యువల్‌లో చెప్పిన స్లాట్‌లో పెట్టాం. పీ1 అరవై దాటింది. కార్డు అదే.

సెట్టింగ్స్ విషయంలో అన్నీ లో పెట్టేయమని చెప్పను. షాడోలు మీడియం కంటే తగ్గించను. మూల తిరగకముందే అవతలివాడి నీడ కనబడితే అదే ప్రాణం కాపాడుతుంది. షేడర్, పార్టికల్ లో. యాంబియంట్ అక్లూజన్ ఆఫ్. అంచులు నునుపు చేసే యాంటీ అలియాసింగ్‌కి సీఎంఏఏ2 చాలు, ఎంఎస్ఏఏ 4ఎక్స్ పెడితే ఈ కార్డుకి ఊపిరాడదు. బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసే ఎఫ్ఎస్ఆర్ ఆన్ చేస్తే ఫ్రేములు పెరుగుతాయి, నిజమే. కానీ డస్ట్ 2 మ్యాప్‌లో లాంగ్ అనే పొడవాటి దారిలో దూరంగా ఉన్న తల గోడలో కలిసిపోతుంది. నాకొద్దు. దానికన్నా రిజల్యూషన్ తగ్గించడమే మేలు. మౌస్‌కీ తెరకీ మధ్య ఆలస్యం తగ్గించే ఎన్విడియా రిఫ్లెక్స్ ఆన్‌లో ఉంచండి. ముంబై సర్వర్ పింగ్ (సర్వర్‌కి వెళ్లివచ్చే ఆలస్యం) గురించి మాత్రం కార్డుని తిట్టకండి, అది నెట్ సంగతి.

ఇక మా ఊరి ఎండ. మే నెలలో రాత్రి పదకొండుకి కూడా షాపులో గాలి వేడిగానే ఉంటుంది. ఎన్విడియా కార్డు వేడెక్కేకొద్దీ తన క్లాక్ (పనిచేసే వేగం) తానే మెట్టుమెట్టుగా తగ్గించుకుంటుంది. మనకి ఎర్రర్ ఏదీ కనబడదు, ఫ్రేములు తగ్గుతాయంతే. చాలా ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ కింద కేబినెట్‌కి ఒక చెక్క గూడు ఉంటుంది, వెనక గోడ, ముందు తలుపు. నాదీ అలాంటి టేబులే. ఆ గూట్లోంచి తీసి బయట పీట మీద పెడితే కార్డు ఏడెనిమిది డిగ్రీలు చల్లబడింది. రోడ్డు దుమ్ముకి ముందు జాలీ మూసుకుపోతుంది, ప్రింటర్లు శుభ్రం చేసే బ్లోయరే దానికీ వాడతాను. కొలతలు అయ్యాక ఎఫ్‌పీఎస్ మ్యాక్స్, అంటే సెకనుకి ఫ్రేముల పరిమితి, 120 దగ్గర కట్టేశాను. నాది 100 హెర్ట్జ్ మానిటర్, అంతకుమించి ఊరికే వేడి.

ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి. ఎన్విడియా పాత 10 సిరీస్ కార్డు 1050 టీఐ ఇంకా చవగ్గా దొరుకుతుంది గానీ ఆ సిరీస్‌కి గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త ఆటల కోసం వచ్చే అప్‌డేట్లు) 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. 1650కి వస్తున్నాయి. ఏఎండీ కార్డు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూడ్డానికి కొత్తది, కానీ బోర్డుతో డేటా నడిపే దారులు (లేన్లు) నాలుగే వాడుతుంది. నా బోర్డులాంటి పాత పీసీఐఈ 3.0 స్లాట్ మీద దాని సత్తా కొంత పోతుంది. ఆర్ఎక్స్ 580కి 185 వాట్లు, 8 పిన్ కేబుల్ కావాలి, మంచి ఎస్ఎంపీఎస్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి. 1650లోనే జీడీడీఆర్6 రకం దొరికితే అది తీసుకోండి. సెకనుకి 128 జీబీ బదులు 192 జీబీ డేటా నడుస్తుంది. డబ్బా మీద రాసింది కాదు, అమ్మేవాడి ముందే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి మెమరీ టైప్ చూడండి. ఒక పది నిమిషాలు ఆట నడిపించి, ఫ్యాన్ చప్పుడు విని, అప్పుడు డబ్బులివ్వండి.