డిగ్రీ మొదటి సెమిస్టర్ కాల్‌క్యులస్: నా అనుభవం

ఇంటర్ ఎంపీసీ అయ్యాక డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌లో బీఎస్సీ మ్యాథ్స్ పెట్టుకున్నాను. ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ పేపర్ డిఫరెన్షియల్ అండ్ ఇంటిగ్రల్ కాల్‌క్యులస్. ఇంటర్ మ్యాథ్స్ పేపర్లు వన్ బీలో డిఫరెన్షియేషన్ (అవకలనం), టూ బీలో ఇంటిగ్రేషన్ చదివే వచ్చాం కాబట్టి క్లాసులో అందరికీ ఒక ధీమా ఉండేది.

ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు. ఇంటర్‌లో చేయించిన ప్రాక్టీస్ అలాంటిది. పేపర్‌లో రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు, మొత్తం 75. ఏ చాప్టర్ నుంచి ఎలాంటి లెక్క వస్తుందో పరీక్షకు ముందే తెలుసు. చైన్ రూల్ నిద్రలో లేపి అడిగినా చేసేవాళ్లం. దాన్నంతా బట్టీ అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. చేతికి ఆ వేగం లేకపోతే డిగ్రీలో ఒక్కో లెక్క పేజీలకు పేజీలు సాగుతుంది, అసలు విషయం మీద మనసు నిలవదు.

డిగ్రీలో కొత్తగా వచ్చింది రెండో చలరాశి. మేడమ్ బోర్డు మీద 'ఎక్స్ వై బై ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్' అని రాసి, మూలబిందువు దగ్గర లిమిట్ ఎంతని అడిగారు. ఎక్స్ అక్షం మీదుగా వస్తే సున్నా. వై అక్షం మీదుగా వచ్చినా సున్నా. అందరం సున్నా అన్నాం. "మరి వై ఈక్వల్ టు ఎక్స్ గీత మీదుగా రండి" అన్నారు. అప్పుడు సగం వచ్చింది. ఒక్క చలరాశి ఉన్నప్పుడు ఎడమ నుంచి, కుడి నుంచి చూస్తే పని అయిపోయేది. ఇక్కడ ఎటు నుంచైనా రావచ్చు, వచ్చే దారిని బట్టి జవాబు మారుతోంది. అంటే లిమిట్ లేదు.

అంతకన్నా ఆశ్చర్యం ఆ తర్వాతది. మూలబిందువు దగ్గర ఆ ప్రమేయం విలువ సున్నా అని పెట్టుకుంటే, అక్కడ రెండు పార్షియల్ డెరివేటివ్‌లూ (ఒక చలరాశిని కదలకుండా ఉంచి, రెండోదానితో చేసే అవకలనాలు) ఉంటాయి, రెండూ సున్నాలే. కానీ ప్రమేయం అక్కడ కంటిన్యువస్ (తెగకుండా సాగేది) కాదు. డెరివేటివ్ ఉంటే కంటిన్యుటీ ఉన్నట్టే అని ఇంటర్‌లో నేర్చుకున్న మాట ఇక్కడ చెల్లలేదు. నేను లేచి, "మేడమ్, రెండూ ఉన్నాక కూడా ఎందుకు సరిపోలేదు?" అని అడిగాను. "గుట్ట మీద నిలబడి తూర్పుకో అడుగు, ఉత్తరానికో అడుగు వేసి చూశావనుకో. ఈశాన్యంలో లోయ ఉందో లేదో నీకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. పార్షియల్ డెరివేటివ్ అంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమైంది.

ఫోన్‌లో గ్రాఫులు గీసే జియోజీబ్రా త్రీడీ యాప్ పెట్టుకుని అదే ప్రమేయాన్ని గీయించాను. ఉపరితలం మూలబిందువు దగ్గర మెలి తిరిగి కనిపించింది. అప్పటి నుంచి రెండు చలరాశుల లెక్క ఏది వచ్చినా ముందు బొమ్మ చూసేవాడిని, తర్వాతే పెన్ను పట్టేవాడిని. ముందు ఎక్స్‌తో, తర్వాత వైతో అవకలనం చేస్తే మూలబిందువు దగ్గర మైనస్ ఒకటి, వరస మారిస్తే ప్లస్ ఒకటి వచ్చే ప్రమేయం ఒకటి సిలబస్‌లో ఉంటుంది. చాలామంది దాన్ని ఐదు మార్కుల ప్రశ్నగానే చూస్తారు. వరస మార్చినా జవాబు ఒకటే అని చెప్పే సిద్ధాంతంలో, రెండో అవకలనాలు కంటిన్యువస్‌గా ఉండాలన్న షరతు ఎందుకు పెట్టారో ఆ ఒక్క ఉదాహరణ చెబుతుంది. షరతులు వదిలేసి సిద్ధాంతాలు చదవడం నేను అక్కడితో మానేశాను.

ఆయిలర్ సిద్ధాంతం తేలిగ్గా పట్టుబడింది. వక్రం ఎంత వంగిందో కొలిచే కర్వేచర్‌లో సూత్రం పెద్దది, అవకలనాలు జాగ్రత్తగా చేస్తే మార్కులు పోవు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఎన్వలప్ చాప్టర్. 'వై ఈక్వల్ టు ఎమ్ ఎక్స్ ప్లస్ వన్ బై ఎమ్' అన్న సరళరేఖల కుటుంబం ఇచ్చి, దాని ఎన్వలప్, అంటే ఆ గీతలన్నిటినీ తాకే వక్రం, కనుక్కోమంటారు. ఎమ్‌తో అవకలనం చేసి, ఎమ్‌ను తొలగిస్తే వై స్క్వేర్ ఈక్వల్ టు ఫోర్ ఎక్స్ అనే పారాబోలా వస్తుంది. లెక్క చిన్నదే. నేను గ్రాఫ్ పేపర్ తీసుకుని ఎమ్‌కు సగం, ఒకటి, రెండు, మూడు, వాటి రుణ విలువలు ఇస్తూ స్కేలుతో గీతలు గీశాను. గీసినవన్నీ తిన్నని గీతలే, అయినా కాగితం మీద పారాబోలా తేలింది. ప్రతి గీతా దాన్ని ఒక్కచోట తాకి వెళ్తోంది. హాస్టల్లో పక్క గదివాళ్లను పిలిచి మరీ చూపించాను. ఈ చాప్టర్ చదివేవాళ్లు ఎవరైనా ఒక్కసారి చేత్తో గీయాలి, ఫోన్‌లో చూస్తే సరిపోదు.

చివరి యూనిట్ పొడవులు, ఘనపరిమాణాలు. స్కూల్లో నేర్చుకున్న గోళం ఘనపరిమాణం సూత్రంలో ఆ మూడింట నాలుగు వంతులు ఎక్కడిదో అప్పుడెవరూ చెప్పలేదు. అర్ధవృత్తాన్ని వ్యాసం చుట్టూ తిప్పి ఇంటిగ్రేట్ చేస్తే నాలుగు లైన్లలో వచ్చేసింది. దొర్లే వృత్తం అంచు మీది చుక్క గీసే వక్రం సైక్లాయిడ్. దాని ఒక ఆర్చ్ పొడవు, ఆ వృత్తం వ్యాసార్ధానికి సరిగ్గా ఎనిమిది రెట్లు. పై (π) లేకుండా అంత శుభ్రమైన జవాబు రావడం నాకు ఇప్పటికీ అందంగానే అనిపిస్తుంది.

పరీక్షల ముందు టెన్షన్ అందరికీ ఉన్నదే. సిద్ధాంతాల నిరూపణలు చూడకుండా రాసి, పుస్తకంతో సరిచూసుకున్నాను. పాత ప్రశ్నపత్రాలు కూడా చేశాను. మంచి మార్కులతోనే బయటపడ్డాను.

రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వచ్చాయి. అక్కడ క్లెరో సమీకరణం పాఠంలో ఎమ్ బదులు పీ (అంటే డీవై బై డీఎక్స్) పెట్టి అదే గీతల కుటుంబం మళ్లీ కనిపించింది. జనరల్ సొల్యూషన్ ఆ సరళరేఖలు, సింగులర్ సొల్యూషన్ (ఆ గీతల్లో ఏదీ కాని విడి సొల్యూషన్) ఆ పారాబోలా. క్లాసులో కొందరు ఈ రెండో సొల్యూషన్ ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతుంటే, నేను నా గ్రాఫ్ పేపర్ తెచ్చి వాళ్లకు చూపించాను.