ఒకే లాప్‌టాప్‌లో రెండు కాపురాలు

ఆదివారం. కాఫీ తాగగానే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్, అది నేర్చుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నాను. కానీ ఈ లాప్‌టాప్ నా ఒక్కదానిదే కాదు, నాన్న డీటీపీ పనంతా ఇందులోనే. శుభలేఖలు, గుడి కరపత్రాలు, అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. వాటికి విండోస్ కావాల్సిందే. పైగా ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పెళ్లికూతురి పేరు కాస్తా అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలైపోతుంది. అందుకే విండోస్ తీసేసే మాటే లేదు, దాని పక్కనే ఉబుంటుకి (లైనక్స్‌లో ఒక రకం) చోటు చూడాలి.

ముందు నాన్న ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. తర్వాత బిట్‌లాకర్ రికవరీ కీ. బిట్‌లాకర్ అంటే డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం, ఎప్పుడైనా అది తెరుచుకోకపోతే ఈ కీ కావాలి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48. నాన్న చదువుతుంటే నోటుబుక్కులో రాశాను. మళ్లీ నాతో చదివించుకుని, అంకె అంకెకీ వేలు పెట్టి సరిచూశారు. ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా! ఆ తర్వాతే ఆ తాళం (ఎన్‌క్రిప్షన్), ఫాస్ట్ స్టార్టప్ ఆపాను. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ డ్రైవ్‌ని పూర్తిగా వదలదు, లైనక్స్ నుంచి అందులో ఏదీ సేవ్ చేయలేం.

విండోస్ డ్రైవ్‌ని కుదించి చోటు తీసే ష్రింక్ వాల్యూమ్ దగ్గర, ఎంబీల్లో 102400 అని కొట్టాను. అంటే 100 జీబీ. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్‌తో పాటు డిస్కంతా తుడిచేసేదీ కనిపించింది. చెయ్యి ఆగింది. "చూసి నొక్కమ్మా" అన్నారు నాన్న వెనకనుంచి.

అదయ్యాక లాప్‌టాప్ ఆన్ చేస్తే, మెనూలో విండోస్, ఉబుంటు రెండూ కనిపించాయి. మధ్యాహ్నమంతా ఉబుంటులోనే గడిపాను.

సాయంత్రం నాలుగూ పదికి విండోస్‌లోకి వెళితే టైము 10:40 చూపిస్తోంది. "ఇదేంటమ్మా, ఇంకా పొద్దున్నే అంటోంది?" అని నాన్న కంగారుపడ్డారు. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఉబుంటు టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో దాన్ని లోకల్ టైముకి మార్చాను.

మళ్లీ విండోస్ రాగానే నాన్న సగంలో ఉన్న శుభలేఖ తెరిచారు. వధువు పేరు దగ్గర జూమ్ చేసి, ఒత్తులూ గుడులూ ఒక్కొక్కటే చూసుకున్నారు. ఏమీ అనకుండా కుర్చీ ముందుకి లాక్కుని పని మొదలుపెట్టారు. ఆయన లేచాక నేను ఉబుంటు తెరవాలి.