షాడో టీచర్ కుర్చీ ఎక్కడ వేసుకోవాలి?

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి తోడుగా క్లాసులో ఉండేవాళ్లని షాడో టీచర్ అంటారు, సహాయకులు అంటారు, కొన్నిచోట్ల ఆయా అనేసి ఊరుకుంటారు. పేరేదైనా, కొత్తగా చేరినవాళ్లలో చాలామంది మొదటిరోజు చేసే పని ఒకటే. కుర్చీ తెచ్చి బిడ్డ భుజానికి భుజం ఆనేలా వేసుకుని కూర్చుంటారు. చూసేవాళ్లకి శ్రద్ధగా కనిపిస్తుంది, తల్లిదండ్రులకీ ధైర్యంగా ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మధ్యలో పెద్దమనిషి అడ్డుగా ఉంటే పక్క బెంచీ పిల్లలు ఆ బిడ్డతో మాట్లాడరు. క్లాస్ టీచర్ బిడ్డని ప్రశ్న అడగడం మానేసి, సహాయకురాలిని 'వాడికి అర్థమైందా?' అని అడగడం మొదలుపెడుతుంది. బిడ్డేమో బోర్డు చూడటం మాని సహాయకురాలి మొహం చూస్తుంటాడు. 1997లో అమెరికాలో మైకేల్ జియాన్‌గ్రెకో అనే పరిశోధకుడి బృందం తరగతి గదులను గమనించి ప్రచురించిన అధ్యయనంలోనూ ఇవే తేలాయి: టీచర్ బాధ్యత పలచబడటం, తోటిపిల్లలకి దూరం కావడం, పెద్దవాళ్ల మీద ఆధారపడిపోవడం.

కుర్చీ బిడ్డకి కాస్త వెనకగా, ఓ పక్కకి ఉండాలి. చేయి చాపితే అందాలి కానీ, తల తిప్పకుండా బిడ్డకి కనపడకూడదు. పని సాగుతుంటే లేచి వెళ్లి రెండు బెంచీల అవతల ఇంకో పిల్ల నోటుబుక్కు చూడండి. ఇలా చేస్తే సహాయకురాలు క్లాసందరి మనిషి అవుతుంది, ఆ ఒక్కడి మీద ముద్ర పడదు. అయితే ఫిట్స్ వచ్చే పిల్లలు, ఉన్నట్టుండి బయటికి పరుగెత్తే పిల్లలు, తింటుంటే గొంతుకి అడ్డం పడే పిల్లల విషయంలో ఈ దూరం పాటించకూడదు. ఎవరికి ఎప్పుడు ఎంత దగ్గరగా ఉండాలో స్పెషల్ ఎడ్యుకేటర్‌తో (ఇలాంటి పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్‌తో) ముందే మాట్లాడుకుని రాసిపెట్టుకోవాలి.

ఇక అసలు పని, సాయం చేయడం. ఎంత సాయం, ఏ రకం, ఎప్పుడు తగ్గించాలి అన్నదే ఇందులో పనితనం. చేతులు కడుక్కోవడం తీసుకుందాం. మనకి ఒక్క పనిలా కనిపిస్తుంది కానీ అందులో ఏడున్నాయి: కుళాయి తిప్పడం, చేతులు తడుపుకోవడం, సబ్బు తీసుకోవడం, రుద్దుకోవడం, నురగ పోయేలా కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం. మొత్తం ఒకేసారి నేర్పబోతే బిడ్డ మూడో మెట్టు దగ్గరే విసిగిపోతాడు. చివరి నుంచి నేర్పడం మేలు. మొదటి ఆరూ మీరు తోడుండి చేయించండి, తుడుచుకోవడం ఒక్కటీ వాడికి వదిలేయండి. అది వచ్చాక కుళాయి కట్టేయడం కూడా వదలండి. ఇలా వెనక నుంచి ముందుకొస్తే ప్రతిసారీ పని ముగించింది వాడే అవుతాడు.

చేయి పట్టి చేయించాల్సి వస్తే ఎదురుగా కాకుండా వెనక నిలబడాలి. ఎదురుగా నిలబడితే బిడ్డ మీ మొహాన్ని చూస్తాడు, కుళాయిని చూడడు. పట్టు మొదట చేతిమీద, తరవాత మణికట్టు దగ్గర, ఆపైన మోచేతి దగ్గర, చివరికి భుజం మీద వేలు ఆనించేంత వరకే. పట్టుకునే ముందు 'నీ చేయి పట్టుకుంటున్నా' అని చెప్పాలి. తాకితే ఒళ్లు జలదరించే పిల్లలు చాలామందే ఉంటారు. బిడ్డ చేయి లాక్కుంటే వదిలేయాలి. బలవంతంగా పట్టి చేయిస్తే వాడికి వచ్చేది కుళాయంటే భయం, అంతే.

అన్నిటికన్నా వదిలించుకోవడం కష్టమైన సాయం నోటిమాట. 'సబ్బు తీసుకో, తీసుకో, సబ్బేదీ' అని మూడుసార్లు అంటే, మూడోసారి చెప్పాకే కదలాలని బిడ్డ నేర్చుకుంటాడు. అందుకే మాటకి బదులు వేలితో చూపడం, గోడమీద బొమ్మల వరస అంటించడం నయం. చెబితే ఒక్కసారే చెప్పి ఆగాలి. ఎంతసేపు? కొత్త పనైతే మొదట్లో ఆగకుండా వెంటనే సాయం అందించి తప్పు జరగనివ్వరు. కాస్త అలవాటయ్యాక నాలుగైదు సెకన్లు ఆగి చూస్తారు. మాట అర్థం చేసుకోవడానికి టైం పట్టే పిల్లలకి, బొమ్మల బోర్డుతోనో టాబ్లెట్‌తోనో మాట్లాడే పిల్లలకి పది సెకన్లు ఇవ్వాల్సి రావచ్చు. క్లాసులో పది సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో ఓసారి మనసులో లెక్కపెట్టి చూడండి. చాలామంది మూడు దాటకుండానే నోరు తెరిచేస్తారు.

అల్లరి అనే మాట పక్కన పెట్టేసి, మూడు గడుల కాగితం పెట్టుకోండి: ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తరవాత ఏం జరిగింది. 'కోపంగా ఉన్నాడు' అని రాస్తే ఎవరికీ పనికిరాదు. '10:40, గుణకారాల షీటు ఇచ్చారు. షీటు చింపి నేలకేసి కొట్టాడు. బయట కూర్చోబెట్టాం' అని రాయాలి. ఇలాంటివి నాలుగైదు వరసలు చదివితే విషయం తెలిసిపోతుంది. షీటు చింపితే లెక్కలు చేసే బాధ తప్పుతోంది, కాబట్టి చింపుతున్నాడు. మనం శిక్ష అనుకున్నది వాడికి బహుమానం. అక్కడ చేయాల్సింది షీటులో లెక్కలు పన్నెండు నుంచి నాలుగుకి తగ్గించడం, 'విరామం కావాలి' అనే కార్డు చేతికివ్వడం. కార్డు చూపించిన వెంటనే, ముఖ్యంగా మొదటి రోజుల్లో, విరామం ఇచ్చి తీరాలి. 'ఇంకొక్క లెక్క చేసి వెళ్లు' అన్నారా, కార్డు కన్నా చింపడమే నయమని వాడికి రూఢి అయిపోతుంది. ఇంకోటి, చింపితే ఇక తప్పించుకోలేనని తెలిసిన కొత్తలో చింపడం ముందు పెరుగుతుంది, తరవాతే తగ్గుతుంది. ఆ పెరిగిన రెండుమూడు రోజుల్లోనే చాలామంది పద్ధతి పనిచేయలేదని వదిలేస్తారు.

బిడ్డ పూర్తిగా అదుపు తప్పినప్పుడు నేర్పడానికి ఏమీ ఉండదు. మాటలు తగ్గించండి, వీలైతే చుట్టూ ఉన్న పిల్లల్ని పక్కకి పంపండి, చేయి అందనంత దూరంలో పక్కకి తిరిగి నిలబడండి. 'ఎందుకిలా చేస్తున్నావ్' అన్న ప్రశ్న ఆ సమయంలో పెట్రోలు పోసినట్టే.

ఒంటికి సంబంధించిన పనులు ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు దగ్గర చేసి చూపించుకుని నేర్చుకోవాల్సినవి, చదివి కాదు. కొన్ని మాత్రం గుర్తుండాలి. వీల్‌చెయిర్ నుంచి దింపే ముందు రెండు బ్రేకులూ వేసి, కాలిపలకలు పైకెత్తాలి. చేతులు పట్టిగానీ చంకల కింద పట్టిగానీ లాగకూడదు, భుజం కీలు తప్పే ప్రమాదముంది. ఏటవాలులో దిగేటప్పుడు వీల్‌చెయిర్‌ని వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి దించాలి. కాళ్లకి ప్లాస్టిక్ బ్రేసులుంటే విప్పాక చర్మం చూడండి. ఎర్రమచ్చ అరగంటలోపు పోకపోతే ఇంట్లోవాళ్లకి, థెరపిస్టుకి చెప్పాలి. ఫిట్స్ వస్తే ముందు గడియారం చూసుకుని, పక్కకి తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తటిదేదైనా పెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, కదలకుండా అదిమి పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకుండానే రెండోది వచ్చినా అంబులెన్సు పిలవాలి. టాయిలెట్ సాయం తలుపు వేసి చేయాలి, చేసే ప్రతి పనీ ముందు చెప్పి చేయాలి, అయ్యాక టైం రాయాలి. ప్యాంటుకి బొత్తాము బదులు ఎలాస్టిక్ పెట్టించమని ఇంట్లోవాళ్లని అడిగితే సగం సాయం అక్కడే తగ్గిపోతుంది.

మీరు సెలవు పెట్టిన రోజు కోసం ఒక పేజీ రాసి స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర ఉంచండి. ఏ పనికి ఎంత సాయం, ఎన్ని సెకన్లు ఆగాలి, విరామం కార్డు ఎక్కడుంటుంది, అలర్జీలు, మందుల టైం, బిడ్డ నవ్వే విషయం ఒకటి. పేజీ పైన తేదీ వేయండి. నెల దాటినా అందులో 'మోచేతి దగ్గర పట్టుకోవాలి' అన్న మాటే ఉంటే, స్పెషల్ ఎడ్యుకేటర్‌తో కూర్చుని ఆ పనిని ఇంకా చిన్న మెట్లుగా విడగొట్టాలి.