కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మెలకువే రాలేదు

నాకు స్ట్రోక్ వచ్చినప్పుడు చెయ్యి పడిపోలేదు, మూతి వంకర పోలేదు. పొద్దున నిద్ర లేవలేదు, అంతే. మావారు భుజం పట్టి కుదిపితే కళ్లు తెరిచి "ఆఁ" అని, మళ్లీ నిద్రలోకి జారుకున్నానట. మొహాన నీళ్లు చల్లినా అదే తీరు. తెనాలిలో మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో షుగర్ చూశారు, బాగానే ఉంది. సీటీ స్కాన్‌లోనూ ఏమీ కనపడలేదు. దాంతో మావారిని పక్కకు పిలిచి, నిద్రమాత్రలేమైనా మింగిందా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆయన గొంతు మారిపోతుంది.

గుంటూరులో ఎమ్మారై తీశాక అసలు సంగతి బయటపడింది. మెదడు మధ్యలో కుడికీ ఎడమకీ ఒక్కో థాలమస్ ఉంటుంది. మనిషిని మెలకువగా ఉంచడంలో వాటి పాత్ర చాలా పెద్దది. మామూలుగా రెండింటికీ రక్తం వేర్వేరు నాళాల నుంచి వస్తుంది. కొద్దిమందికి మాత్రం పుట్టుకతోనే ఒకే సన్నటి నాళం చీలి రెండు వైపులకూ వెళుతుంది. దాని గురించి రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుతో పెర్షెరాన్ ధమని అంటారు. నాకు మూసుకుపోయింది అదే. ఇలాంటి స్ట్రోక్ మొదటి గంటల్లో సీటీలో కనపడకపోవడం మామూలేనట. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా స్ట్రోక్ మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. నాకు నిద్రలో ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, ఎమ్మారై అయ్యేసరికే సాయంత్రమైంది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కష్టం. రాత్రంతా పడుకుని లేచి, టిఫిన్ దగ్గర కూర్చుని, ఇడ్లీ ముక్క నోట్లో ఉండగానే నిద్రపోయేదాన్ని. మా అబ్బాయి గడ్డం పట్టుకుని "అమ్మా, మింగు, మింగు" అనేవాడు. గొంతుకు అడ్డం పడుతుందేమోనని వాడికి టెన్షన్. చూడటానికి వచ్చినవాళ్లు "నీ అదృష్టం, కాలూ చెయ్యీ బాగున్నాయి" అనేవారు. మా అత్తయ్య నన్ను కూతురిలా చూసుకునే మనిషి. ఆవిడ కూడా "అట్లా పడుకుంటే ఇంకా నీరసం వస్తుందమ్మాయ్, లేచి నాలుగడుగులు వెయ్యి" అనేవారు. లేవాలని నాకు మాత్రం ఉండదా? ఓసారి పొయ్యి మీద కూర మాడుతున్న వాసన తెలుస్తూనే ఉంది. లేచి స్టవ్ ఆపాలనీ తెలుసు. ఒళ్లు కదల్లేదు.

"స్ట్రోక్ తర్వాత అట్లాగే ఉంటుంది, రెస్ట్ తీసుకోండి" అని ఒక డాక్టరు గారు తేల్చేశారు. మావారు ఊరుకోలేదు, ఇంకో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ ఎనిమిది ప్రశ్నలు అడిగారు. చదువుతూ కునుకు పడుతుందా, టీవీ చూస్తూ? ఎదుటివాళ్లతో మాట్లాడుతుండగా? ట్రాఫిక్‌లో కారు ఆగితే? దీన్ని ఎప్‌వర్త్ స్కేల్ అంటారు. మొత్తం 24 మార్కులు, 10 దాటితే పగటి నిద్ర ఎక్కువున్నట్టే. నాకు 19 వచ్చాయి. నేను చెప్పేదాన్ని జబ్బుగా లెక్కలోకి తీసుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆ గదిలోనే ఏడ్చేశాను.

ఆవిడ వెంటనే మందు రాయలేదు. థైరాయిడ్, బీ12 చూశారు, డిప్రెషన్ ఉందేమో అడిగారు. ముందుజాగ్రత్తగా అంతకుముందు రాసిన ఫిట్స్ మాత్ర కూడా మత్తు తెచ్చేదే. నాకు ఫిట్స్ ఎప్పుడూ రాలేదు కాబట్టి మెల్లగా తగ్గించి ఆపించారు. ఆ తర్వాత స్లీప్ స్టడీ. తలంతా వైర్లు అతికించి, వేలికి క్లిప్పు పెట్టి, రాత్రంతా పడుకోమన్నారు. నిద్రలో నా ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోందని తేలింది. స్ట్రోక్ వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి స్లీప్ ఆప్నియా ఉంటుందట, అడిగేవాళ్లే తక్కువ. మాస్కు పెట్టుకుని పడుకునే సీపాప్ మెషీన్ తెచ్చుకున్నాం. మొదట్లో ఊపిరాడనట్టు ఉండి పీకేసేదాన్ని, నెమ్మదిగా అలవాటైంది. దానితో కొంత తగ్గింది. మిగిలిన మత్తుకు పొద్దున పూట మొడాఫినిల్ ఇచ్చారు. అది బీపీ పెంచవచ్చు కాబట్టి ఇంట్లోనే చూసుకుని రాసిపెట్టమన్నారు.

ఇప్పుడు మళ్లీ బడికి వెళ్లి లెక్కలు చెబుతున్నాను. క్లాసులన్నీ మధ్యాహ్నం లోపే వేయించుకున్నాను. భోజనం అయ్యాక అలారం పెట్టుకుని స్టాఫ్ రూములో అరగంట పడుకుంటాను, తోటి టీచర్లకు ముందే చెప్పేశాను. పిల్లల పేర్లు ఇంకా తడబడతాయి. స్కూటీ మాత్రం ముట్టుకోవద్దన్నారు, మావారే దింపుతారు. వచ్చే రివ్యూలో మాత్ర డోసు తగ్గించి చూద్దామన్నారు.