మూడో కకెజికు: కుడి అంచు మళ్లీ లేచింది

నేను చేసిన మూడో కకెజికు, అంటే గోడకు వేలాడదీసే జపనీస్ రాత చుట్ట, సరిగ్గా నాలుగు రోజులు చదునుగా వేలాడింది. ఈ ఉదయం చూస్తే కుడి అంచు ముందుకు 11 మిల్లీమీటర్లు లేచి ఉంది, ఎడమది 4. అదీ కింది మూడో వంతులో. తేనీటి గదిలోకి వచ్చిన అతిథి ముందుగా తోకొనోమా (రాతను వేలాడదీసే గోడ అర) ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, వంగి నమస్కరించి, రాతను చూస్తారు. చూపు నిలిచేది సరిగ్గా అక్కడే. ‘వా కే సేయ్ జాకు’ అనే నాలుగు అక్షరాల తేనీటి సూక్తిలోని చివరి అక్షరం, ప్రశాంతత అనే అర్థమున్నది, దాని మీదే వంపు నీడ పడుతోంది. చాలా బాధేసింది.

రాతకు ఏమీ కాలేదు. కోబాయిఎన్ కంపెనీ సిరాకడ్డీ అరగదీసి రాసి, మూడు నెలలు ఆరనిచ్చాను. తడి తగిలినా పాకలేదు. సీసా సిరాతో ఆ సాహసం చేయను.

ఇక అంచు సంగతి. రాత 100 × 27 సెంటీమీటర్లు, రింపో అనే సన్న అంచుల పద్ధతి, రాతకు రెండు పక్కలా పట్టు పట్టీలు చెరి 2 సెంటీమీటర్లు. క్యోటో చలికి హీటర్ వేస్తే గదిలో తేమ 38 శాతానికి దిగుతోంది. రాత్రి వాన పడి, హీటర్ ఆపి, తేమ 64కు చేరినప్పుడు కుడి వంపు 11 నుంచి 3కు తగ్గింది. అంటే పొడిగాలే కదిలిస్తోంది. కానీ అదే గాలి ఎడమ అంచుకూ తగులుతోంది కదా! అంచు మడతలో జిగురు ఎక్కువైందేమో అనుకున్నాను. అది వెనుక వైపు ఉంటుంది, బిగుసుకుంటే అంచు వెనక్కే వంగాలి. ఆరబెట్టే పలక మీద తొమ్మిది రోజులే ఉంచడం తప్పే, అయినా అది రెండు వైపులకూ సమానం. అడుగున ఉన్న రోలర్ చివరలకు పింగాణీ బరువులు తగిలించాను. అవి కిందికి లాగుతాయే తప్ప పక్కకు లాగవు.

చివరికి నోటు పుస్తకం తిరగేస్తే దొరికింది. కుడి పట్టీ పట్టుకు మినో అనే జపనీస్ కాగితం అస్తరు వేసినప్పుడు జిగురు ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు. బరువుగా అనిపించి, ఎడమ పట్టీకి నాలుగు పాళ్లు నీళ్లు కలిపాను.

వెంటనే అదే పట్టు ముక్కలు నాలుగు, 5 × 30 సెంటీమీటర్లవి, అస్తరు వేసి హీటర్ ముందు పెట్టాను. రెండు పాళ్ల నీళ్లకు వంపు 14 మిల్లీమీటర్లు, మూడింటికి 9, నాలుగింటికి 5, ఆరింటికి 2. ఆరు పాళ్లదానికి మూలలు ఊడిపోయాయి. క్యోటో పనివాళ్లు పదేళ్లు నిల్వ ఉంచిన బలహీనమైన జిగురు వాడి, బరువైన కుంచెతో కొట్టి కొట్టి ఎందుకు అతికిస్తారో ఇప్పుడు చేతికి అర్థమైంది.

గోధుమ గంజి జిగురు కాబట్టి తడిపితే విడిపోతుంది. వేడితో అంటించే ఫిల్ము నాకు నచ్చనిది ఇందుకే, ఇంత సులువుగా విప్పలేం. కుడి పట్టీ ఒక్కటే విప్పి, అయిదు పాళ్ల నీళ్లతో, కొట్టే కుంచెతో మళ్లీ వేస్తాను. పలక మీద ఈసారి నెల రోజులు. ఆలోగా వేసవికి ‘తాకి’, జలపాతం, ఒక్క అక్షరం రాయడం మొదలుపెట్టాలి. దాని పట్టీలకు పట్టు బదులు పలుచని నార బట్ట దొరుకుతుందేమో వెతుకుతున్నాను.