క్రియాపదాలు మాత్రం తెలుగువి

యూటీవీ (మట్టి దారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బండి) కింద వెల్లకిలా పడుకుని, జుట్టు నిండా ఎండు మట్టి రాల్చుకుంటూ, పన్నెండేళ్ల మా అబ్బాయి మొన్న ఒక మాట అన్నాడు. “అమ్మా, నువ్వు మాట్లాడేది తెలుగు కాదు. చివర్లో వచ్చే తియ్యి, పెట్టు మాత్రమే తెలుగు.” అంతకుముందే నేను వాడికి “డ్రెయిన్ బోల్ట్ స్లోగా తియ్యి, పాన్ కరెక్ట్‌గా సెంటర్‌లో పెట్టు” అని చెప్పి ఉన్నాను. ఆ వాక్యాన్ని వాడు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు. నాకు కోపం రావలసింది, కానీ లెక్క సరిగ్గానే ఉంది.

బండికి ఏటా చేసే మరమ్మతు రోజున ఇంట్లో తెలుగు తప్ప మరో భాష వినిపించకూడదన్న నియమం నాదే. భోజనాల దగ్గర మా తెలుగు “తిన్నావా, చాలా, పడుకో” అన్న మూడు మాటలకు కుంచించుకుపోయిందని గ్రహించినప్పుడు, చేతులకు పని ఉంటే నోటికి భాష దానంతట అదే వస్తుందని ఎక్కడో తట్టింది. ఆ సలహాను నలుగురైదుగురు స్నేహితురాళ్లకు గర్వంగా పంచిపెట్టాను కూడా. మా బండి మాన్యువల్ ప్రకారం వంద గంటలు నడిచినా, ఏడాది గడిచినా, ఏది ముందైతే అప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చాలి. మాది ఏడాదికి అరవై గంటలు కూడా నడవదు కనుక ఆ పని క్యాలెండరును బట్టే వస్తుంది. తక్కువ తిరిగిన బండికి నూనె ఎందుకు మార్చడమని వాడు అడిగాడు. కొద్ది దూరాలు మాత్రమే తిరిగే ఇంజన్ పూర్తిగా వేడెక్కదనీ, లోపల పట్టిన తేమ ఆవిరై పోకుండా నూనెలోనే ఉండిపోతుందనీ చెప్పాను. ఈ జవాబును మాత్రం అచ్చమైన తెలుగులో చెప్పగలిగాను. పనిముట్లు మధ్యకు రానంతవరకు నా తెలుగు బాగానే ఉంటుంది.

వాడు ఎత్తిపొడిచిన తరువాత పౌరుషం వచ్చి, బోల్టును బిరడా అన్నాను, క్లచ్ బెల్టును చోదక పట్టీ అన్నాను. పది నిమిషాలకు “ఆ పట్టీ మూత తియ్యనా?” అని వాడు అడిగితే, ఏ పట్టీ అని నేనే తిరిగి అడిగాను. ఆ పదాలతో బండి బాగు చేసేవాళ్లు లోకంలో ఎక్కడా ఉండరు. నేను పుట్టించిన తెలుగు నాకే పరాయిది.

అయితే, కొత్త ఫిల్టరు బిగించేటప్పుడు నేను వెతకని మాట ఒకటి దొరికింది. దాని రబ్బరు చుట్టకు వేలితో కాస్త నూనె పూయించి, “పానా వద్దు, చేత్తోనే తిప్పు, రబ్బరు ఆనేదాకా తిప్పు, ఆనిన తరువాత ముప్పావు చుట్టు” అన్నాను. ఆనడమంటే ఏమిటన్నాడు. ఎలా వివరించాలో తోచక, తిప్పుతూ ఉంటే నీకే తెలుస్తుందన్నాను. వాడు కళ్లు మూసుకుని మెల్లగా తిప్పాడు. వదులుగా తిరుగుతున్న ఫిల్టరు ఒకచోట మెత్తగా తగిలి, చేతికి ఎదురు చెప్పింది. “ఆనింది,” అన్నాడు. ఏ తెలుగు వాచకం నుంచీ వాడి నోటికి రాని మాట మణికట్టు మీదుగా వచ్చింది. అలాగే వెనుక షాక్ అబ్జార్బరు ఒకటి చెమర్చిందే తప్ప కారడం లేదనీ, చెమర్చినదాన్ని తుడిచి కొన్నాళ్లు చూడవచ్చుననీ, కారేదాన్ని మాత్రం వదలకూడదనీ చెప్పాను. బెల్టు మీద నెర్రెలు ఉన్నాయేమో వంచి చూడమన్నాను. ఈ తేడాలన్నీ తెలుగులో ఇంత సులువుగా ఉన్నాయని నాకూ అప్పటిదాకా తెలియదు.

ఈ వ్యాసం అక్కడితో ఆపేస్తే నేను మంచి తల్లిగా మిగిలిపోయేదాన్ని. కానీ ఆ తరువాత వెనుక గేరుపెట్టె దగ్గరికి వెళ్లాం. దానికి రెండు బోల్టులుంటాయి: పైది నూనె పోయడానికి, కిందది వదలడానికి. ముందు పైదాన్ని వదులు చేసి, అది ఊడుతుందని నిర్ధారించుకున్నాకే కిందిది తీయాలి. లేకపోతే ఉన్న నూనె పోయి, కొత్తది పోసే దారి ఉండదు. వాడు మాన్యువల్ చదివి ఈ మాటే చెప్పాడు. నేను అప్పటికే పానా కిందిదానికి తగిలించి ఉన్నాను. “అమ్మా, పుస్తకంలో ముందు పైది అని ఉంది,” అని రెండోసారి అన్నాడు. “ఐ నో వాట్ ఐయామ్ డూయింగ్,” అన్నాను. నూనె అంతా పళ్లెంలోకి కారిపోయాక పై బోల్టుకు పానా వేస్తే అది మొరాయించింది. గట్టిగా లాగితే మూలలు అరిగిపోతాయని భయం. తుప్పు వదిలించే నూనె చల్లి, గేరుపెట్టెలో చుక్క నూనె లేని బండిని ఆ రాత్రంతా కదపకుండా ఉంచేశాం. తెల్లవారాక పొడుగు పిడి వేసి లాగితే ఊడింది.

బోల్టు గురించి వాడు ఒక్క మాట కూడా ఎత్తలేదు. “ఇవాళ తెలుగే అన్నావు కదా,” అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి నన్ను నిద్ర పోనివ్వనిది ఆ మాట కూడా కాదు. పొద్దున వాడు వేళ్ల మీద చూపించిన రెండు క్రియలు. తియ్యి, పెట్టు. రెండూ ఆజ్ఞలే. వాడికి బాగా వచ్చిన తెలుగంతా ఆగు, పట్టుకో, తుడువు, లే అనే వరుసలోనే ఉంది. సందేహాలు, వేళాకోళాలు, రహస్యాలు, అన్నీ వాడు ఇంగ్లీషులోనే దాచుకుంటాడు. నేను కూడా, తప్పు నాదైన క్షణంలో, వాడి భాషలోకే పారిపోయాను. తెలుగును వాడికి అందిస్తున్నానని అనుకుంటూ, పని పురమాయించే గొంతును మాత్రమే అందిస్తున్నానేమో తెలియదు. వచ్చే ఏడాది ఈ నియమాన్ని ఎత్తేయాలనిపిస్తుంది. ఎత్తేస్తే ఆనడం లాంటి మాటలు కూడా పోతాయేమోనన్న పిసినారితనం అంతలోనే అడ్డం వస్తుంది. స్నేహితురాళ్లకు ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకోవాలో లేదో కూడా తేలలేదు.

పని ముగిశాక బండి పుస్తకంలో తేదీ, గంటలు రాసే బాధ్యత వాడిది. ఎప్పటిలాగే అన్నీ ఇంగ్లీషులో రాశాడు. అట్టడుగున ఒక్క వాక్యం మాత్రం ఎగుడుదిగుడు తెలుగు అక్షరాల్లో ఉంది: “అమ్మా, ముందు పైది ఉడుతుందా చూడు.” ఊకు దీర్ఘం తప్పిపోవడంతో మా గేరుపెట్టె మీదికి ఒక ఉడుత వచ్చి కూర్చుంది. దిద్దుదామని పెన్ను తీశాను. ఆ వాక్యం కూడా ఆజ్ఞే, అయితే ఈసారి నాకు. పెన్నుకు మూత పెట్టేశాను.