మూడు మౌత్ ఆర్గాన్లు, సగం నువ్వు గింజ

సంక్రాంతికి మా అత్తమ్మ డబ్బా నిండా సకినాలు పంపింది. ఒక చేతిలో సకినం, ఇంకో చేతిలో మౌత్ ఆర్గాన్ పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నా. తినేదీ నోటితోనే, ఊదేదీ నోటితోనే, రెండూ ఒకేసారి పెట్టుకోకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు కానీ సెలవు రోజు బుర్ర కూడా సెలవులోనే ఉంటుంది కదా. కాసేపటికి మూడో రంధ్రం మూగబోయింది. పీలిస్తే పలుకుతోంది, ఊదితే మాత్రం ఉఫ్‌మని గాలి. అరచేతికేసి కొట్టా, దులిపా, లాభం లేదు. కళ్ళజోడు కిట్‌లో ఉండే బుల్లి స్క్రూడ్రైవర్ తీసి మొత్తం విప్పేస్తే రీడ్‌కీ (అంటే గాలికి ఊగి పలికే సన్నటి రేకు నాలుక) ప్లేటుకీ మధ్యలో ఇరుక్కుని నువ్వు గింజ, అదీ సగం ముక్క.

గింజ తీసేసి మళ్ళీ బిగించేస్తే పని అయిపోయేది. కానీ లోపల చూశాక ఊరుకోబుద్ధి కాలేదు, ఇంట్లో ఉన్న మిగతా రెండూ కూడా విప్పి పాత పేపర్ మీద పరిచేశా. ఆ రోజు నుంచి నా ఆదివారాలన్నీ దీనికే పోతున్నాయి. టీపాయ్ మీద కాఫీ కప్పు పెట్టడానికి చోటు లేదని మా ఆవిడ గొడవ.

మన దగ్గర మౌత్ ఆర్గాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పొడుగ్గా రెండు వరసల రంధ్రాలతో ఉండే ట్రెమోలో. నేను చెప్పేది అది కాదు, పది రంధ్రాలతో అరచేతిలో ఇమిడిపోయే డయాటోనిక్. ఒక్కో రంధ్రానికి రెండు రీడ్లు, ఊదితే ఒకటి, పీలిస్తే ఇంకోటి, మొత్తం 20. మధ్యలో కోంబ్, అంటే దువ్వెనే, నిజంగానే పళ్ళున్న దువ్వెనలాగే ఉంటుంది. దానికి పైనొక ఇత్తడి ప్లేటు, కిందొక ఇత్తడి ప్లేటు, వాటి మీద రేకు కవర్లు. ఇంతే, ఇంకేం లేదు. ఇంత చిన్న సామానులో ఇంత తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది అన్నదే నా బుర్ర తినేసిన ప్రశ్న.

పేపర్ మీద ఉన్నవి ఏంటంటే, ఒకటి హోనర్ స్పెషల్ 20, ఇంకోటి అదే కంపెనీ మెరైన్ బ్యాండ్, మూడోది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఒక పీసు, దాని పేరెందుకులెండి. మెరైన్ బ్యాండ్ 1896లో మొదలైన మోడల్, ఇప్పటికీ పియర్ పండు చెట్టు చెక్క కోంబే, ప్లేట్లు ఇప్పటికీ మేకులతోనే కొడతారు. విప్పాలంటే సన్నటి బ్లేడు దూర్చి గుండెలు చిక్కబట్టుకుని లేపాలి, మేకులు వంకరపోతే మళ్ళీ అదే బిగువు రాదు, అందుకే మళ్ళీ మళ్ళీ విప్పేవాళ్ళు మేకులు తీసేసి బుల్లి స్క్రూలు వేసుకుంటారు (నేనూ వేశా, మొదటి రంధ్రం డ్రిల్ చేసేటప్పుడు చెయ్యి వణికిన వణుకు పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు కూడా లేదు). స్పెషల్ 20 ప్లాస్టిక్ కోంబ్, స్క్రూలు, పైగా ప్లేట్ల అంచులు కోంబ్ లోపలికి దిగి కూర్చుంటాయి కాబట్టి పెదాలకు ఇత్తడి అంచు తగలదు, గాలి కూడా ముందు నుంచి లీక్ అవ్వదు. చెక్క సౌండే వేరు, వెచ్చగా ఉంటుంది అని చాలామంది అంటారు, నాకైతే కళ్ళు మూసుకుని వింటే ఆ వెచ్చదనం దొరకలేదు. దొరికిందల్లా తేమకు ఉబ్బడం. వానాకాలంలో చెక్క పళ్ళు ఉబ్బి బయటికి వచ్చి పెదాలు గీరుకుంటాయి, ఏప్రిల్ ఎండలకు మళ్ళీ కుంచించుకుపోయి లోపల సందులు వస్తాయి. తేనెమైనం కరిగించి పట్టించాక కొంచెం దారికొచ్చింది.

సరే, ఏది బాగుంది ఏది బాగాలేదు అని తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష సరళీ స్వరాలు, అదే కర్ణాటక సంగీతంలో మాయామాళవగౌళ రాగంలో నేర్పే మొదటి పాఠం. నవ్వకండి. సి కీ మౌత్ ఆర్గాన్ అంటే మన ఒకటి శ్రుతి. నాలుగో రంధ్రం నుంచి ఏడో రంధ్రం దాకా ఊదుతూ పీలుస్తూ పోతే శంకరాభరణం తిన్నగా వచ్చేస్తుంది. మాయామాళవగౌళ కావాలంటే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం కావాలి, అవి నాలుగు, ఆరు రంధ్రాలు పీలుస్తూ నోటి లోపల నాలుక వెనక్కి లాగి స్వరాన్ని కిందికి వంచితే వస్తాయి, దాన్నే బెండింగ్ అంటారు. ఇక ఆ స్థాయిలో మిగిలిపోయేవి మూడే, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, కైశిక నిషాదం. వీటికి ఓవర్‌బ్లో అని, ఊదే తీరు మార్చి ఆ రంధ్రంలో లేని పై స్వరం పుట్టించే ఇంకో విద్య ఉంది, 1970 ప్రాంతంలో హవార్డ్ లెవీ అనే అమెరికన్ దాన్ని ఒక దారికి తెచ్చాడు. సో నా లెక్క సింపుల్. మాయామాళవగౌళ శుభ్రంగా పలికితే అది వాయించదగ్గ సరుకు, ప్రతి మధ్యమం ఉండే కళ్యాణి పలికితే అది మంచి సరుకు.

చవక పీసు మొదటి పరీక్షలోనే పోయింది. నాలుగో రంధ్రంలో శుద్ధ రిషభం అడిగితే దగ్గు వస్తోంది.

మొదట చూడాల్సింది గ్యాప్. రీడ్ కొస ప్లేటుకు ఆనుకుని ఉండదు, వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. ఆ ఎత్తు ఎక్కువైతే సగం గాలి ఊరికే పోతుంది, స్వరం ఆలస్యంగా లేస్తుంది. తక్కువైతే కాస్త గట్టిగా ఊదగానే రీడ్ బిగుసుకుపోయి అసలు పలకదు. మోటు లెక్క ఏంటంటే రీడ్ కొస ఎంత మందం ఉందో గ్యాప్ కూడా సుమారుగా అంత, కింది స్వరాలకు కొంచెం ఎక్కువ, పై స్వరాలకు తక్కువ. రాణీగంజ్ వెళ్ళి బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకు పత్తీల కట్ట) కొనుక్కొచ్చా, షాపతను ఏ బండికి సార్ అని అడిగితే ఏం చెప్పాలో తెలియక యాక్టివా అన్నా. చవక పీసులో ఒక రీడ్ కొస కింద రెండు పత్తీలు దూరేంత సందు, పక్క రీడ్ కింద ఏమీ దూరదు. అంటే రీడ్లు పెట్టి వదిలేశారు, సెట్ చేయడానికి ఎవరూ కూర్చోలేదు. ఒక్క సాయంత్రం కూర్చుని గోటితో నెమ్మదిగా నొక్కుతూ, లేపుతూ, ఊది చూసుకుంటూ సరిచేస్తే దగ్గు తగ్గి రిషభం వచ్చింది! ఆ గేజ్ తప్ప ఏ స్పెషల్ టూలూ లేకుండా.

రెండోది కోంబ్ చదునుగా ఉందా లేదా. కోంబ్ మీద మార్కర్‌తో అడ్డంగా గీతలు గీసి, పాత అద్దం ముక్క మీద 400 నంబర్ ఎమరీ పేపర్ అతికించి, దాని మీద కోంబ్ పెట్టి నాలుగు సార్లు రుద్ది తిప్పి చూడండి. ఎత్తుగా ఉన్నచోట గీతలు చెరిగిపోతాయి, పల్లంగా ఉన్నచోట గీతలు నల్లగా అలాగే ఉండి మిమ్మల్ని వెక్కిరిస్తాయి. నా చవక పీసులో నడుమ నాలుగు పళ్ళ మీద గీత చెక్కుచెదరలేదు. అంటే ఆ నాలుగు చోట్లా ప్లేటు కోంబ్‌ను సరిగ్గా ఆనట్లేదు, ఒక గదిలో ఊదిన గాలి పక్క గదిలోకి పోతోంది. అన్ని గీతలూ పోయేదాకా రుద్దడానికి అరగంట, పొడి కడగడానికి ఇంకో అరగంట పట్టింది. తేడా మాత్రం మొదటి ఊపిరికే తెలిసిపోయింది, ఇంతకుముందు నాలుగు స్వరాలకే అయిపోయే ఊపిరి ఇప్పుడు ఎనిమిది దాకా వస్తోంది.

మూడోది ఉంది, అక్కడే నా కొంప మునిగింది. ప్లేటును ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుంటే రీడ్ చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. మంచి దాంట్లో రెండు పక్కలా సమానంగా, తల వెంట్రుకంత. చవక దాంట్లో ఒక పక్క దారం, ఇంకో పక్క దాదాపు ఏమీ లేదు. ఆ సందును ఇంకా బిగించడానికి స్లాట్ (ప్లేటులో రీడ్ ఊగే చీలిక) అంచును నున్నటి ఇనుముతో ఒత్తితే ఇత్తడి కాస్త లోపలికి జరుగుతుంది, దీన్ని ఎంబాసింగ్ అంటారు. ఇక్కడ నేను చేసిన తెలివైన పని ఏంటంటే చవక దాని మీద నేర్చుకోకుండా స్పెషల్ 20 మీద మొదలెట్టా. సాకెట్ స్పానర్ అంచుతో రెండు సార్లు లాగి వదిలేస్తే బాగుండేది, ఇంకొంచెం, ఇంకొంచెం అని ఐదో సారి లాగేసరికి నాలుగో రంధ్రం పీల్చే రీడ్ టిక్‌మని అంచుకు తగులుకుని ఆగిపోయింది. దాన్ని విడిపించడానికి బ్లేడు దూర్చా. రీడ్ వంకర పోయింది. వంకర తీయబోయా. రివెట్ దగ్గర వదులైంది. ఇంకేముంది, కొత్త ప్లేట్లు తెప్పించుకోవాల్సి వచ్చింది, వచ్చేదాకా మూడు వారాలు ఆ డబ్బా వైపు చూడలేదు.

ఈ మూడు వారాల్లోనే చిక్కడపల్లి వైపు ఓ సందులో హార్మోనియంలు బాగుచేసే కాకా దగ్గరికి వెళ్ళా. భజన మండళ్ళ పెట్టెలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. నా చవక పీసు చేతిలో పెడితే, "గిదేంది బిడ్డా, జాతరల అమ్మే పీకనా" అన్నాడు. కవర్లు విప్పి చూపించగానే మాత్రం కళ్ళజోడు పైకి జరుపుకుని దగ్గరికి పెట్టుకున్నాడు. రీడ్ రీడే కదా, హార్మోనియంలో ఉన్నదీ ఇదే ఇత్తడి నాలుక, సైజు తేడా. ఒక్క పెద్ద తేడా ఏంటంటే ఇక్కడ ఒకే గదిలో రెండు రీడ్లు ఎదురెదురుగా ఉంటాయి, ఆ రెండూ కలబడితేనే బెండింగ్ వస్తుంది, హార్మోనియానికి ఆ భాగ్యం లేదు. ఆ మాట చెప్తే కాకాకు నచ్చలేదు.

శ్రుతి మాత్రం ఆయనే నేర్పాడు. "కొస మీద గీకితే బరువు తగ్గుతది, జల్ది ఊగుతది, సుతి ఎక్కుతది. మొదలు కాడ గీకితే నడుం ఇరిగినట్టయి మెల్లగ ఊగుతది, సుతి దిగుతది." ఇంత సులువుగా నాకు ఏ వీడియోలోనూ అర్థం కాలేదు. రీడ్ కింద సన్నటి పత్తీ పెట్టి, ఆకురాయి కొసతో రెండు గీతలు, ఆగి వినడం, మళ్ళీ రెండు గీతలు. గీకినప్పుడు రీడ్ వేడెక్కుతుంది కాబట్టి అప్పుడే చూసిన శ్రుతి నమ్మొద్దని, రాత్రంతా వదిలేసి పొద్దున చూడమని కూడా చెప్పాడు.

ఇక్కడో విషయం. అన్ని కంపెనీలూ ఒకే శ్రుతి పెట్టవు. లీ ఆస్కర్ (జపాన్‌లో టోంబో చేస్తుంది) పియానోలాగా సమానంగా పంచిన శ్రుతి. మెరైన్ బ్యాండ్ లాంటివి మూడు రంధ్రాలు కలిపి ఊదితే నున్నగా వినపడేలా గాంధారాన్ని కాస్త తగ్గించి పెడతారు. పూర్తిగా తగ్గిస్తే అది పియానో గాంధారం కంటే 14 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) కింద ఉంటుంది, అదే తంబురా మోగుతుంటే మన చెవికి వినిపించే అంతర గాంధారం. కాబట్టి శ్రుతి బాక్స్ పెట్టుకుని వాయించేవాళ్ళు ఇది చూసి కొనండి. పాపం హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో బయట నిలబెట్టింది ఇలాంటి గొడవల వల్ల కూడానే.

ఫ్రెండ్ దగ్గర ఇంకో రెండు చూశా. సుజుకి వాళ్ళది ఫాస్ఫర్ బ్రాంజ్ రీడ్లు, రివెట్ లేకుండా వెల్డింగ్. సైడెల్ కంపెనీ '1847' అనే మోడల్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ రీడ్లు. రెండూ పెట్టెలోంచి తీసిన రోజే మాయామాళవగౌళ పాడేశాయి. ఆ డబ్బు దేనికి పోతోందంటే, నాకు అర్థమైనంత వరకు, ఆ వెలుగు గీత సమానంగా ఉండటానికి, రీడ్ త్వరగా అలిసిపోకుండా ఉండటానికి. ఈ రెండూ మనం ఇంట్లో చేసుకోలేం. గ్యాప్, చదును, శ్రుతి చేసుకోగలం. కొత్తగా కొనేవాళ్ళు నన్నడిగితే స్పెషల్ 20 చెప్తా, చెక్కది వద్దు, చవకది విప్పి నేర్చుకోవడానికి ఒకటి అదనంగా తీసుకోండి.

చవక దానితో ఓవర్‌బ్లో మాత్రం ఎంత చేసినా రాలేదు. కళ్యాణి ఎలా మరి? కాకాకు ప్రతి మధ్యమం లేదని చెప్తే, "లేకపోతే పెట్టుకో" అన్నాడు. ఐదో రంధ్రం పీలిస్తే వచ్చే శుద్ధ మధ్యమాన్ని కొస గీకి గీకి అర స్వరం పైకి లేపేశాం. (ఇది కొత్తేం కాదు, కంట్రీ ట్యూనింగ్ అని రెడీమేడ్‌గా కూడా అమ్ముతారు, నాకు తర్వాత తెలిసింది.) తమాషా ఏంటంటే శుద్ధ మధ్యమం పోలేదు, అదే రంధ్రాన్ని వంచితే వస్తోంది. కాకా శ్రుతి పెట్టె బెల్లోస్ ఒక చేత్తో కదిలిస్తూ కళ్ళు మూసుకుని రెండు సార్లు వాయించమన్నాడు. రెండోసారి అయ్యాక, "మ కొంచెం తక్కువున్నది, ఇంకొక్క గీత" అన్నాడు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశా, నాలుగు సెంట్లు తక్కువ ఉంది.